దేవుణ్ని కాదు, ధ్రువుణ్ని ఆడించండి

ములుగు వైపు ఒక ఘన్‌పూర్, జనగామ పక్కన లింగాల ఘన్‌పూర్ ఉన్నాయి కాబట్టి, కాజీపేట-సికింద్రాబాద్ రైలు మార్గంలో ఉన్న మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్ అయింది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు జనగామలో కలిశాం గానీ, ఎవరైనా ఏ ఊరని అడిగితే ఇప్పటికీ వరంగల్ అనే చెప్తాం. మా పక్కనే చిల్పూరు గుట్ట. కాస్త పోతే పాలకుర్తి, పాల్కురికి సోమనాథుడి ఊరు. ఇంకాస్త పోతే బమ్మెర, పోతన ఊరు.

పోతన పేరు వీడియో గేముల వ్యాసంలోకి ఎందుకొచ్చిందో చెప్తాను. 2024 ఆగస్టులో చైనా నుంచి ‘బ్లాక్ మిత్: వుకాంగ్’ వచ్చింది. 16వ శతాబ్దపు చైనా నవలలోని కోతివీరుడి కథ ఆధారంగా చేసిన ఆట. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడుపోయాయి. మన ఇళ్లలో పిల్లలు కూడా పడి పడి ఆడారు. ఆడుతూ ఆడుతూ ఒక ప్రశ్న వేశారు: ‘మనకూ కోతివీరుడు ఉన్నాడు కదా, ఆయన గేమ్ ఏది?’

ఉంది. చాలామందికి తెలియదు గానీ, అది హైదరాబాద్‌లోనే తయారైంది. 2009లో ఆరోనా టెక్నాలజీస్ అనే సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది, సోనీ విడుదల చేసింది. మొత్తం మన దేశంలోనే రూపొందిన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరు. బయటికి రాగానే అభ్యంతరం అమెరికా నుంచి వచ్చింది. నెవాడాలో ఉండే రాజన్ జెడ్ అనే హిందూ నాయకుడు, దేవుణ్ని ఆటగాడి చేతి బటన్లకు లోబరచడం అపచారమన్నారు, గేమ్‌ను వెనక్కి తీసుకోమన్నారు. 2012లో ‘స్మైట్’ అనే ఆటలో కాళికను చూపించిన తీరు మీదా ఆయనే గొంతెత్తారు. హనుమంతుడి గేమ్‌కు సమీక్షల్లో మంచి మార్కులు పడలేదు. ఆట బాగోలేదన్నది ఒక మాట, అపచారమన్నది ఇంకో మాట. ఈ రెండూ కలిసిపోయి, అసలు చర్చ జరగకుండానే ఆట మరుగున పడిపోయింది.

బటన్ల మాట నాకెప్పుడూ అర్థం కాలేదు. తోలుబొమ్మలాటలో హనుమంతుడు ఎవరి చేతిలో ఉంటాడు? అనంతపురం వైపు నిమ్మలకుంటలో తరతరాలుగా మేక తోలు మీద ఆయన బొమ్మ గీసి, పుల్ల కట్టి, తెర వెనక నుంచి ఎగిరిస్తున్నారు. ఆ కళలోనే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా వైపు చిందు యక్షగానంలో పొద్దంతా కూలికి పోయిన మనిషి రాత్రి ముఖానికి రంగు పూసుకుని కృష్ణుడై నిలబడతాడు. ఊరు దండం పెడుతుంది. చేతిలో పుల్ల ఉంటే తప్పు లేనప్పుడు రిమోట్ ఉంటే తప్పేమిటి?

అయితే రాజన్ జెడ్ గారు అడగని ప్రశ్న ఒకటుంది. అదే గట్టి ప్రశ్న. తోలుబొమ్మ హనుమంతుడు సముద్రం దాటక తప్పదు, కథ ముందే తెలుసు. వీడియో గేమ్‌లో అలా కాదు. ఆటగాడు ఓడిపోయే వీలుండాలి, లేకపోతే అది ఆటే కాదు. మరి ఆటగాడే హనుమంతుడైతే? పిల్లవాడు సరిగ్గా దూకలేనప్పుడల్లా చిరంజీవి చస్తాడు. తెర మీద ‘గేమ్ ఓవర్’ పడుతుంది. చిరంజీవికి లెక్కపెట్టి ప్రాణాలు ఇవ్వడమనే దగ్గరే కథ చెడింది.

బాగా వచ్చిన ఆటలన్నీ ఈ చిక్కును ఎలా దాటాయో చూడండి. వుకాంగ్ గేమ్‌లో మనం వుకాంగ్ కాము. ఆయన అడుగుజాడలు వెతుక్కుంటూ పోయే ఇంకో కోతిమి. 2020లో పుణె నుంచి వచ్చిన ‘రాజీ’లో తమ్ముణ్ని రాక్షసులు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ వెళ్లే మామూలు అమ్మాయిమి మనం. దుర్గమ్మ, విష్ణువు పైనుంచి కథ చెప్తుంటారు, సాయపడుతుంటారు. అందులో కథ నడిపే ఘట్టాలను తోలుబొమ్మలాట తీరులో తీశారు. 2017లో హైదరాబాద్‌కే చెందిన ఓగర్ హెడ్ స్టూడియో ‘అసుర’ చేసింది. అందులో మనం దేవతల మీద పగబట్టిన రాక్షసుడిమి. పెద్దలు నొసలు చిట్లించవచ్చు. కానీ భాగవతం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. జయవిజయులు మూడు జన్మలు వైరంతో గడిపే విష్ణువును చేరారు. భయంతో కంసుడు, ద్వేషంతో శిశుపాలుడు చేరింది ఆయన దగ్గరికేనని నారదుడు ధర్మరాజుకు చెప్పాడు. పగ కూడా ఒక దారేనన్న సంప్రదాయంలో పుట్టినవాళ్లం, అసురుడు కథానాయకుడైతే ఉలిక్కిపడడం దేనికి?

అంటే ఆడాల్సింది దేవుడు కాదు, ఆయన కోసం పాట్లు పడేవాడు. ఇక్కడే బమ్మెర గుర్తుకొస్తుంది. పోతన భాగవతంలో మనకు నోటికొచ్చే ఘట్టాలన్నీ భక్తులవే: ప్రహ్లాదుడు, గజేంద్రుడు, కుచేలుడు, రుక్మిణి. దేవుడు చివర్లో వస్తాడు.

నాలుగో స్కంధంలోని ధ్రువుణ్నే తీసుకుందాం. అయిదేళ్ల పిల్లవాడు. తండ్రి ఒడిలో కూర్చోబోతే సవతితల్లి సురుచి ఈసడించింది. అడవి దారి పట్టాడు. దారిలో నారదుడు ఎదురై, ఇంటికి పొమ్మని ఒకసారి పరీక్షించి, వినకపోయేసరికి మంత్రం చెప్పి మధువనానికి పంపాడు. ఇక అక్కడ నుంచి చూడండి. మొదటి నెల మూడు రోజులకోసారి వెలగపండ్లు, రేగుపండ్లు. రెండో నెల ఆరు రోజులకోసారి ఎండుటాకులు, గడ్డి. మూడో నెల తొమ్మిది రోజులకోసారి నీళ్లు. నాలుగో నెల పన్నెండు రోజులకోసారి గాలి. అయిదో నెల ఒంటికాలి మీద నిలబడి ఊపిరి బిగబట్టడం. లెవెళ్లు ఎవరూ కొత్తగా రాయనక్కర్లేదు, లెక్కతో సహా ఉన్నాయి. మామూలు ఆటల్లో లెవెల్ పెరిగిన కొద్దీ ఆటగాడికి ఆయుధాలు పెరుగుతాయి. ఇందులో నెల నెలా చేతిలోని బటన్లు ఒక్కొక్కటే పనిచేయడం మానేయాలి. చివరి లెవెల్‌లో రిమోట్ కింద పెట్టి కదలకుండా కూర్చున్నవాడు గెలవాలి. మన పిల్లలకు ఇంతకంటే కష్టమైన పరీక్ష ఉంటుందనుకోను!

దేవుడు కనపడ్డాక కూడా కథ అయిపోదు. వరం పుచ్చుకుని ఇంటికి పోతూ ధ్రువుడు బాధపడతాడు, అంతటివాణ్ని చూసి ఇంత చిన్నది అడిగానే అని. తర్వాత రాజయ్యాక, తమ్ముడు ఉత్తముణ్ని ఒక యక్షుడు చంపాడని అలకాపురి మీద పడి యక్షుల్ని కుప్పలుగా చంపుతాడు. అప్పుడు తాత స్వాయంభువ మనువు వచ్చి, ఇక చాలు నాయనా అని ఆపుతాడు. చంపిన కొద్దీ మార్కులు పెరిగే ఆటల కాలంలో, మధ్యలో తాత వచ్చి చెయ్యి పట్టుకుని ఆపే గేమ్ ఎవరైనా చేశారా? నేను చూడలేదు.

సోమనాథుడి దగ్గరికి పోతే బసవపురాణంలో ఇంకా మొండివాళ్లు కనపడతారు. శివుడు పాలు తాగలేదని ఏడ్చి సాధించిన గొడగూచి, తల్లి లేని శివుడికి తల్లినవుతానన్న బెజ్జమహాదేవి, పుక్కిట నీళ్లతో అభిషేకం చేసి చివరికి కళ్లిచ్చిన కన్నప్ప. ఒక్కొక్కరిది ఒక్కో ఆటకు సరిపడే కథ.

కులపురాణాలు వేరే లోకం. తామర తూటి దారంతో దేవతలకు బట్టలు నేసిన భావనారుషిని పద్మశాలీలకు కూనపులివాళ్లు చెప్తారు. భూమి కంటే ముందు పుట్టిన జాంబవుణ్ని మాదిగలకు డక్కలివాళ్లు చెప్తారు. చేర్యాల నకాశీవాళ్లు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద ఈ కథలన్నీ బొమ్మలుగా వేస్తారు. గజాల కొద్దీ ఉండే ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుతూ రాత్రంతా కథ నడుపుతారు. పడుతూ లేస్తూ తెర పక్కకు జరిగే పాత మారియో ఆటకు ఇది పెద్దన్న.

ఇక్కడ ఒక షరతు ఉంది. ఆ పటం ఎవరి కథ చెప్తుందో వాళ్ల ముందే విప్పుతారు. కథలో తేడా వస్తే వినేవాళ్లు అక్కడికక్కడే ఆపి అడుగుతారు. గేమ్ కంపెనీలకు లేనిది ఈ అదుపే. ఒక దేవత పేరు, నాలుగు చేతులు, ఒక త్రిశూలం ఇంటర్నెట్ నుంచి ఎత్తుకొచ్చి అతికిస్తే ‘స్మైట్’ లాంటి గొడవలే వస్తాయి. నిషేధించమని ఉత్తరాలు రాసేకన్నా, కథ తెలిసినవాళ్లను తయారీ గదిలో కూర్చోబెట్టడం మేలు.

మన తెలుగువాళ్లలో గేమింగ్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు తక్కువేం లేరు. వాళ్లకు ఒక మాట. ఈసారి సెలవులకు మన వైపు పోయినప్పుడు హైదరాబాద్‌లోనే తిరిగి రాకండి. రైలెక్కి మా ఘన్‌పూర్‌లో దిగండి, బమ్మెర, పాలకుర్తి చూడండి. దేవరుప్పుల వైపు చిందు యక్షగానం ఇంకా ఉంది, ఆ మండలంలోని గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురంలో పుట్టిన చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథను దేశమంతా వినిపించి 2017లో పోయారు. ఆయన నోటి నుంచి నేరుగా వినే అదృష్టం ఇక లేదు, మిగిలినవాళ్ల దగ్గరైనా కూర్చోండి. ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసుకుని లేచి రావద్దు. మేళానికి అడిగినంత ఇచ్చి, కథ మొత్తం తెల్లవార్లూ చెప్పించుకోండి. రేపు ఆ కథతో గేమ్ చేస్తే, టైటిళ్లలో వాళ్ల పేరు, అమ్మకాల్లో వాళ్ల వాటా ముందే కాగితం మీద రాసుకోండి.