రెండు గడియారాలు

బ్యాటరీ అవసరం లేకుండా, చుట్టుకున్న స్ప్రింగు బలంతో మాత్రమే నడిచే గడియారాన్ని యాంత్రిక గడియారం అంటారు. ఇటువంటి చేతి గడియారాలలో కొన్ని వందల రూపాయలకు లభించినవీ ఉన్నాయి; లక్షల రూపాయలు వెచ్చించి కొనవలసినవీ ఉన్నాయి. రెండూ చూపేది ఒకే కాలాన్ని. మరి ధరలో ఇంతటి అంతరం ఎందుకు?

భారత ప్రభుత్వ రంగ సంస్థ హెచ్.ఎం.టి. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో గడియారాల తయారీని ప్రారంభించింది. 'జనతా' ఆ సంస్థ అందించిన ప్రసిద్ధమైన నమూనా. పేరుకు తగినట్లుగానే అది సామాన్యుని చేతికి అందిన గడియారం. స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరంలో 1839లో ఆవిర్భవించిన సంస్థ పటెక్ ఫిలిప్. అది 2004లో విడుదల చేసిన 'కలట్రావా 5196' సంపన్నులకు మాత్రమే అందుబాటులో ఉండేది.

ఈ రెండింటి నిర్మాణసూత్రం ఒక్కటే. ప్రక్కనున్న బొత్తాన్ని త్రిప్పి కీ ఇస్తే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. అది మెల్లగా విచ్చుకుంటూ పళ్ల చక్రాలను త్రిప్పుతుంది. ఆ వేగాన్ని అదుపులో ఉంచేది అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం. రాపిడిని తగ్గించడానికి ఇరుసుల వద్ద కృత్రిమ కెంపులను అమరుస్తారు. వీటినే జువెల్స్ అంటారు. జనతాలో ఇవి 17, కలట్రావాలో 18.

భేదమంతా పనితనంలో ఉంది. జనతా బాలెన్స్ చక్రం సెకనుకు 5 సార్లు ఊగితే, కలట్రావాది 8 సార్లు ఊగుతుంది. ఊపులు ఎక్కువైనకొద్దీ చేతి కదలికల ప్రభావం తగ్గుతుంది. కలట్రావా యంత్రం మందం 2.55 మిల్లీమీటర్లు మాత్రమే. అందులోని 130 భాగాల అంచులను నిపుణులు నునుపు చేసి మెరుగు పెడతారు. ఈ శ్రమలో అధికభాగం అందం కోసమే. వెనుక మూత తెరిస్తే తప్ప అది కంటికి కనిపించదు.

ఇక కచ్చితత్వం సంగతి. జనతా వంటి గడియారం రోజుకు అర నిమిషం తేడా చూపడం సహజం. రోజుకు 86,400 సెకన్లు. అందులో 30 సెకన్ల తేడా అంటే నూటికి 0.04 వంతు కూడా కాదు. పటెక్ ఫిలిప్ 2009లో ఏర్పరచుకున్న ప్రమాణం ప్రకారం ఇటువంటి యంత్రం రోజుకు 3 సెకన్లకు మించి వెనుకబడరాదన్న నియమం ఉండేది. 2 సెకన్లకు మించి ముందుకు పోరాదన్న నియమమూ ఉండేది. ఈ స్వల్ప భేదాన్ని సాధించడానికి ఎంతో నైపుణ్యం కావాలి. అయినా, నెలకు సుమారు 15 సెకన్ల తేడా మాత్రమే చూపే సాధారణ క్వార్ట్జ్ గడియారం ముందు ఈ రెండూ వెనుకబడినవే!

కనుక ఎక్కువ ధర చెల్లించేవారు కొనేది కాలాన్ని కాదు. హస్తకళను, అరుదైన వస్తువు తెచ్చే గౌరవాన్ని. హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. అయినప్పటికీ, పాత జనతా గడియారాలను నేటికీ మరమ్మతు చేయించుకొని ధరించేవారున్నారు. ఒక వస్తువు వెల అంగడిలో నిర్ణయమవుతుంది. దాని విలువను మాత్రం అది తీర్చే అవసరాన్ని బట్టి, మన్నికను బట్టి కొనేవారే నిర్ణయించుకోవాలి.