స్టేషను కిటికీ, రైతు గింజ
కెనడా మైదానాల్లో పాత రైల్వే స్టేషన్లు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుండేవి. చెక్క గోడలు, ముందుకు చాచిన చూరు, కింద టిక్కెట్ల గది, సామాన్ల కొట్టు, పైన ఏజెంటు కాపురం. పట్టాలవైపు పొడుచుకొచ్చిన కిటికీలోంచి ఆయన రెండువైపులా రైళ్లు చూసేవాడు. రైతు గోధుమలకు వ్యాగన్ ఇచ్చేదీ ఆయనే.

1881 ఒప్పందంలో కెనడియన్ పసిఫిక్ రైల్వేకు ప్రభుత్వం రెండున్నర కోట్ల డాలర్లు, రెండున్నర కోట్ల ఎకరాలు ధారపోసింది. ఆ నేల ఆదివాసులది. తీరా వ్యాగన్లు ధాన్యపు గోదాముల కంపెనీలకే ముందు!

ముందు రాయించుకున్నవాడికే ముందు వ్యాగన్ అని చట్టం వచ్చింది. అయినా పాత పద్ధతే. 1902లో సింటలూటా స్టేషను ఏజెంటును రైతు సంఘం కోర్టుకీడ్చింది. 50 డాలర్ల జరిమానా పడింది.

సొమ్ము చిన్నదే. కాని చట్టం కాగితం మీద ఉంటే చాలదనీ, దాన్ని నడిపించే సంఘం కావాలనీ మనం నేర్చుకోవలసిన పాఠం ఆ కిటికీ దగ్గరే ఉంది.