విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర పురావస్తుశాస్త్రముల పఠనము

ఉన్నత పాఠశాలా విద్య ముగియు వేళకు మన విద్యార్థుల యెదుట రెండు మూడు త్రోవలు మాత్రమే యున్నట్లు తోచుచుండును: వైద్యము, యంత్రవిద్య, లేనియెడల ఏదేని కచేరీలో ఉద్యోగము. తలిదండ్రులును వీనినే తలపోయుచుందురు. కుటుంబభారము నెరిగినవారు గనుక అట్లు తలపోయుట సహజమే. అయినను విశ్వవిద్యాలయముల పాఠ్యపట్టికలలో మన పిల్లలు పేరైనను చదువక దాటిపోవు విద్యలు కొన్ని కలవు. అట్టివానిలో మానవశాస్త్రము, పురావస్తుశాస్త్రము అను రెంటిని గూర్చి ఈ వ్యాసమున వివరింప దలచితిమి. వీనిని జంటగా చెప్పుటకు గల హేతువు ముందు బోధపడగలదు.

మానవశాస్త్రము మనుష్యుని గూర్చిన శాస్త్రము. వైద్యమును మనుష్యుని గూర్చినదే గదా యని కొందరడుగవచ్చును. వైద్యుడు ఒక్కొక్క దేహమును చూచును. మానవశాస్త్రజ్ఞుడు మనుష్యులు కూడి బ్రదుకు తీరును చూచును. మేనరికము ఒక చోట మంచి సంబంధముగను, వేరొక చోట నిషిద్ధముగను ఏల యున్నది? పంట ఇంటికి వచ్చినప్పుడు తొలి గింజ ఎవరికి చెందును? మనము పెదనాన్న, చిన్నాన్న, మేనమామ యని వేరువేరుగా పిలుచుకొనుచుండగా ఇంగ్లీషువారు అందరిని ‘అంకులు’ అను ఒక్క మాటతో సరిపెట్టుకొనుట యేల? ఇట్టివి ఆ శాస్త్రజ్ఞుని ప్రశ్నలు. మనుష్యజాతి పుట్టుక, దేహనిర్మాణము, వంశలక్షణములు కూడ ఆ శాస్త్రమున నొక శాఖయే. ఇక పురావస్తుశాస్త్రము, గతించినవారు విడిచిపోయిన వస్తువులను బట్టి వారి బ్రదుకును తెలిసికొను విద్య. కుండపెంకు, రాతిగొడ్డలి, ఎముక, బొగ్గు, కూలిన గోడ దాని పుస్తకములు. నిధులను త్రవ్వుటయే దాని పని యని లోకులనుకొందురు. నిజమునకు ఆ శాస్త్రజ్ఞునకు బంగారు నగ కంటె అది యే మంటిపొరలో దొరికినదో తెలుపు వ్రాతయే విలువైనది.

బ్రదికియున్న వారినడిగినచో బదులు చెప్పుదురు. ఒక్కొక్కప్పుడు అడిగినవాని మెప్పు కొరకు లేనిదియు చెప్పుదురు. మట్టి లేనిది చెప్పదు, కాని తనంతట తాను ఏదియు చెప్పదు. కావున ఈ రెండు విద్యలకును ఒకదాని సాయము వేరొకదానికి అవసరము. ఇందుకు మన దక్కను పీఠభూమిలోనే చక్కని యుదాహరణము కలదు.

కృష్ణా తుంగభద్రల నడుమను, వాని కిరుప్రక్కలను, బళ్లారి, రాయచూరు, మహబూబునగరము, అనంతపురము సీమలలో పెద్ద పెద్ద బూడిదదిబ్బలు కానవచ్చును. నేటికి తెలిసినవి నూటికి పైగా కలవు. కొన్నిటియందు బూడిద కరగి గాజువలె గట్టిపడియున్నది. పల్లెలవారు వీనికి పురాణకథలను జోడించుకొనిరి. హంపి చేరువనున్న నింబాపురపు దిబ్బ వాలిని దహించిన చోటని నేటికిని చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దమున వీనిని చూచిన దొరలు తలకొక ఊహ చేసిరి. అగ్నిపర్వతపు బూడిద యని కొందరు, ఇనుము కరగించిన చిట్టెమని కొందరు, శవదహనము జరిగిన తావులని కొందరు వాదించిరి. 1863లో మదరాసు దగ్గర పల్లావరమున పాతరాతియుగపు పనిముట్టును కనుగొన్న భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూసు ఫుటు మాత్రము ఇవి పశువుల పేడ కాలిన కుప్పలని యభిప్రాయపడెను. పేడ కాలినచో కొండంత దిబ్బ యగునా యని పలువురు సందేహించిరి.

1957లో రేమండు ఆల్చిను అను ఆంగ్ల విద్వాంసుడు మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. ఇది ఆదిలాబాదు అడవులలోని ఉట్నూరు కాదు. దాని మాటయు ముందు రాగలదు. దిబ్బను నిలువుగా కోసి చూడగా బూడిద పొరలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండెను. పొరల నడుమ గుంజలు పాతిన గుంతలు వరుసగా కానవచ్చెను. అవి పశువుల దొడ్డి చుట్టును నిలిపిన దడి గుర్తులు. అంతకంటె వింతయైనది వేరొకటి కలదు. మెత్తని బూడిదలో నాలుగువేల యేండ్లకు పూర్వము నడచిన పశువుల గిట్టల గుర్తులు అచ్చొత్తినట్లు నిలిచియుండెను. ఇంచుమించుగా ఆ కాలముననే లండనులో జ్యూనరు పండితుడు కుడతిని దిబ్బ నుండి తెచ్చిన బూడిదను పరీక్షించి, అది పేడ కాలగా నేర్పడినదేయని తేల్చెను. పశువు మేసిన గడ్డిలోని ఇసుక వంటి పదార్థము మంట వేడికి కరగి గాజువలె నగునట.

దానితో పేడయా కాదా యను తగవు తీరెను. కాని, అంత పేడను ఏల కాల్చిరి? ఒక్క మారు అగ్గి పడినచో ప్రమాద మనవచ్చును; శత్రువులు తగులబెట్టిరని యనవచ్చును. ఉట్నూరిలో దొడ్డి కాలుట, దానిపై మరల దొడ్డి కట్టుట, అదియు కాలుట పలుమారులు జరిగినవి. ఇక్కడ మట్టి మౌనము వహించెను. అప్పుడు ఆల్చిను బ్రదికియున్న పశుపాలకుల వైపు తిరిగెను. పండుగనాడు మంట వేయుట, పశువులకు చీడపీడలు తొలగుటకై వానిని మంటమీదుగా దాటించుట మన దేశమున పలు తావులందున్న ఆచారము. కన్నడ సీమలో సంక్రాంతినాడు నేటికిని అట్లు చేయుదురు. ఋతువు మారి మందలు వేరొక చోటికి తరలునప్పుడు పాత దొడ్డిని బుద్ధిపూర్వకముగా కాల్చియుందురని ఆల్చిను ఊహించెను. 1963లో అచ్చయిన ఆయన గ్రంథము ఈ విషయమును గూర్చినదే.

ఈ ఊహ ఇంపుగానున్నది. కాని ఇంపైన ఊహను పరీక్షింపకుండ విడువరాదనుటయే విశ్వవిద్యాలయము నేర్పునది. నాలుగువేల యేండ్ల నాటి మంటకును నేటి పండుగ మంటకును పోలిక కలదని చెప్పవచ్చునే గాని, ఒకటి వేరొకదాని సంతతి యని చెప్పుటకు నడుమ సాక్ష్యము కావలెను. పిదప పూనా దక్కను కాలేజీ ఆచార్యులు పద్దయ్యగారు కన్నడ సీమలోని బూదిహాళు దిబ్బను త్రవ్వి, దాని ప్రక్కనే నివాసస్థలమును, పశువులను కోసి పంచుకొన్న చోటును కనుగొనిరి. అనగా దొడ్డి ఒంటిగా లేదు, ఊరును ఉండెను. మరి కొందరు పండితులు ఈ దిబ్బలను పలు మందలవారు కూడుకొని తరతరములుగా ఎత్తు చేసిన కట్టడములుగా భావింపవలెనని వ్రాసిరి. వాదము నేటికిని సాగుచున్నది. మా మట్టుకు ఆల్చిను వాదములో సగపాలైనను నిలుచునని తోచుచున్నది. ఏలయన కట్టడమే కావలసినచో రాయి ఆ సీమలో కొదువ కాదు.

ఈ కథలో రసాయనము, వృక్షశాస్త్రము, ఎముకల పరీక్ష, పండుగల విచారణ అన్నియు కలసినవి. కావుననే ఈ విద్యను కొందరు సైన్సు వైపు నుండియు కొందరు చరిత్ర వైపు నుండియు వచ్చి చదువుదురు. కేంబ్రిడ్జిలో మానవశాస్త్రమునకు పాదు వేసిన హాడను మొదట జంతుశాస్త్రజ్ఞుడు. సముద్రజీవులను పరిశీలింపబోయి, అచ్చటి దీవులలోని మనుష్యులపై మనసు నిలిపి, 1898లో టారసు జలసంధికి విద్వాంసుల బృందమును వెంటబెట్టుకొని పోయెను. ఆ బృందములోని రివర్సు అను వైద్యుడు పిదప మన నీలగిరులకు వచ్చి, ఎనుములను మేపుకొను తోడవారిని గూర్చి 1906లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. ఆ కేంబ్రిడ్జిలోనే 1939లో డొరతీ గారడు అను విదుషి పురావస్తుశాస్త్ర పీఠమునకు ఎన్నికయి, ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నందిన తొలి స్త్రీ యయ్యెను. అప్పటికి స్త్రీలకు అక్కడ పురుషులతో సమానముగ పూర్తి పట్టము నిచ్చుటయే లేదు. ఆ హక్కు 1948లో కలిగెను. మన బాలికలు ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడవలెను.

ఈ రెండు విద్యలను కలిపి బోధించుటయా, విడదీయుటయా యనుట ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగ నున్నది. కేంబ్రిడ్జిలో చిరకాలము జంటగానుండి ఇటీవల వేరుపడినవి. ఆక్సుఫర్డులో రెంటికిని కలిపి ఒకే పట్టము కలదు. అమెరికాలో పురావస్తుశాస్త్రము సాధారణముగా మానవశాస్త్రమున నొక శాఖ. మన దేశమున దానిని ప్రాచీన చరిత్రతో జతచేయుట వాడుక. మన వాడుకలో ఒక లోపము కలదని మా యభిప్రాయము: శాసనములను, గుడులను చక్కగా చదువ నేర్చిన విద్యార్థి గొల్లవాని దొడ్డివైపు చూడకయే పట్టము నందవచ్చును.

విద్యార్థి చేయు పని యెట్టిది? పురావస్తుశాస్త్రమున తరగతిగదిలో పాఠములతోపాటు పొలమున అభ్యాసముండును. నేలను చదరములుగా గీసి, చిన్న తాపీతో పొర వెంట పొర గీకి, తీసిన మన్నును జల్లెడ పట్టి, దొరికిన ప్రతి పెంకునకు సంఖ్య వేసి, కొలిచి, పటము గీయవలెను. బొగ్గు దొరికినచో చేయి తగులకుండ భద్రపరచి పరీక్షకు పంపుదురు. 1949లో అమెరికాలో లిబ్బీయును ఆయన సహచరులును కనుగొన్న పద్ధతి చొప్పున అందలి కర్బనమును బట్టి వయస్సు కట్టుదురు. ఇంత శ్రద్ధ యెందుకనగా, ఒక మారు త్రవ్విన చోటు మరల త్రవ్వుటకు మిగులదు. నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగనున్నదని తెలిసి 1954 మొదలు 1960 వరకు తొందరగా త్రవ్వి, ముఖ్యమైన కట్టడములు కొన్నిటిని కొండమీదికి తరలించిరి. మిగిలినదానికి నేడు ఆనాటి పటములును వ్రాతలును మాత్రమే ఆధారము.

మానవశాస్త్ర విద్యార్థి పొలము మనుష్యుల ఊరు. అతడు వారి భాష నేర్చి, వారితో నెలల తరబడి, వీలైనచో ఏడాది పొడవున నివసింపవలెను. ఇందు ఓర్పుతోపాటు మర్యాదయు కావలెను. ఈ శాస్త్రము గతమున మర్యాద తప్పిన సందర్భములు లేకపోలేదు. మదరాసు మ్యూజియము అధికారి థర్‌స్టను కె. రంగాచారిగారి సాయముతో 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములను ప్రకటించెను. ఆచారముల విషయమున అవి నేటికిని ఉపయోగించును. కాని ఆయన తలలను ముక్కులను కొలిచి జాతులను ఏర్పరుపబూనిన పద్ధతిని నేటి శాస్త్రము త్రోసిపుచ్చినది. ముక్కు వెడల్పును బట్టి మనుష్యుని బుద్ధిని గాని పుట్టుక ఘనతను గాని చెప్పరాదు.

ఇక రెండవ ఉట్నూరు. 1940లో ఆదిలాబాదు అడవులలో కుమ్రం భీము నాయకత్వమున గోండులు తిరుగబడగా నిజాము ప్రభుత్వము సైనికబలముతో అణచెను. భీము ప్రాణములు గోల్పోయెను. గోండులు తిరుగబడుటకు కారణమేమో విచారింపుమని ప్రభుత్వము హైమెండార్ఫు అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని నియోగించెను. అతడు అంతకుముందు నల్లమల చెంచులను గూర్చి పరిశోధించినవాడు. ఉట్నూరు తాలూకాలోని మార్లవాయి గ్రామమున భార్య బెట్టీతో గుడిసెలో కాపురముండి, గోండి భాష నేర్చి, తరతరములుగా దున్నుకొనుచున్న భూములకు కాగితము లేనందున గోండులు వానిని గోల్పోవుచున్నారని తెలియజెప్పెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయము ఏర్పడెను. గోండి భాషలో వాచకములు అచ్చయినవి. పిదప వేలకొలది కుటుంబములకు పట్టాలు లభించినవి. ఆయన గోండులను గూర్చి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడెను. బెట్టీ 1987లో మరణింపగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఒక యూరి బ్రదుకును చదువుటకు వచ్చినవారిని ఆ యూరివారు తమవారిగా నెంచుకొనుట అరుదు.

తలిదండ్రులకు ముఖ్యమైన ప్రశ్న జీవనోపాధి. ఉన్నదున్నట్లు చెప్పుదుము: పదవులు కొద్ది, పోటీ హెచ్చు. 1861లో ఏర్పడిన భారత పురావస్తుశాఖ, 1945లో ఏర్పడిన భారత మానవశాస్త్ర సర్వేశాఖ, రాష్ట్రముల పురావస్తుశాఖలు, మ్యూజియములు, గిరిజన పరిశోధనాసంస్థలు, కళాశాలలు ఈ విద్యార్థులను చేర్చుకొనును. సివిలు సర్వీసు పరీక్షకు మానవశాస్త్రమును ఐచ్ఛికముగ గైకొనువారును పెక్కురు కలరు. సాధారణముగా మొదట చరిత్రలోనో సైన్సులోనో బి.ఏ., బి.ఎస్సీ. ముగించి, పిదప ఎం.ఏ.లో చేరవలెను. మానవశాస్త్రము ఆంధ్ర విశ్వవిద్యాలయమునను, హైదరాబాదు విశ్వవిద్యాలయమునను బోధింపబడుచున్నది. పురావస్తుశాస్త్రము ప్రాచీన చరిత్రతో కూడ ఉస్మానియాలో కలదు; ఆ విద్యకే ప్రసిద్ధమైనది పూనాలోని దక్కను కాలేజీ. త్వరగా సంపాదింపవలసిన ఇంటి పిల్లవాడు ఈ త్రోవ పట్టుటకు ముందు ఇంటివారితో చక్కగా ఆలోచించుకొనవలెను.

విద్యార్థులు అంతవరకు వేచియుండ నక్కరలేదు. మీ తాతలు, అవ్వలు పొలముల పేర్లు, వావివరుసల పేర్లు, పండుగ మంట వేయు తీరు చెప్పుచుండగా తేదీతో సహా వ్రాసిపెట్టుకొనుడు. రచ్చచెట్టు క్రిందను, గుడి యరుగు మీదను పసుపు కుంకుమలతో పూజలందుకొను నున్నని రాళ్లను చూచితిరేని, వానిలో కొన్ని బూడిదదిబ్బల నాటి రాతిగొడ్డళ్లు కావచ్చును. వానిని తాకక, ఆకారమును గీచి, ఏ పొలము నుండి తెచ్చిరో పూజించువారిని అడిగి వ్రాసికొనుడు. దున్నునపుడు అట్టిది దొరికినచో చోటు గుర్తుపెట్టి మాకు చూపుడు. ప్రక్కన మరల త్రవ్వవలదు.