రీస్టార్ట్ కొడితే సరిపోతుందా? జావా సర్వర్ అడ్మిన్ పనిపై అపోహలు – వాస్తవాలు

2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు మొదలయ్యాక వరంగల్, హనుమకొండ ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి మాట్లాడే తీరు కొంత మారింది. అంతకుముందు డిగ్రీ చేతికి రాగానే కాజీపేటలో రైలెక్కి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వెళ్లడమే దారి. ఇప్పటికీ చాలామంది వెళ్తున్నారు. అక్కడ నేర్పే కోర్సుల్లో ‘వెబ్‌లాజిక్ అడ్మిన్’, ‘మిడిల్‌వేర్ అడ్మిన్’ కూడా ఉంటాయి. బ్యాంకులు, బీమా, టెలికాం సంస్థలు వాడే పెద్ద జావా అప్లికేషన్లు చాలావరకు వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్, గ్లాస్‌ఫిష్ వంటి సర్వర్ల మీద నడుస్తాయి. వాటిని ఎక్కించడం, ఆపడం, కొత్త వెర్షన్‌కు మార్చడం, కనిపెట్టుకుని ఉండడం అడ్మిన్ బాధ్యత. కోడ్ రాసేవాళ్లకు దక్కే గౌరవం ఈ పనికి దక్కదు. అందుకు కారణం కింది అపోహలే అని నా నమ్మకం.

అపోహ: డిప్లాయ్ చేయడమంటే అప్లికేషన్ ప్యాకేజీ అయిన వార్ ఫైలును ఫోల్డర్‌లో పడేయడమే.

వాస్తవం: గ్లాస్‌ఫిష్‌లో ‘ఆటోడిప్లాయ్’, జేబాస్ కుటుంబానికి చెందిన వైల్డ్‌ఫ్లైలో ‘డిప్లాయ్‌మెంట్స్’ అనే ఫోల్డర్లు ఉన్నాయి. ఫైలు వేస్తే సర్వర్ దాన్ని గుర్తించి ఎక్కించుకుంటుంది. ఈ సౌకర్యం ఇచ్చింది ప్రధానంగా కోడ్ రాసుకునేవాళ్ల సొంత మెషీన్ కోసం. అసలు వినియోగదారులున్న చోట అడ్మిన్ కమాండ్‌తోనో, స్క్రిప్ట్‌తోనో, కన్సోల్ నుంచో చేయాలి. ఎందుకంటే డిప్లాయ్‌లో ఫైలు చేరడం మొదటి మెట్టు మాత్రమే. ఆ అప్లికేషన్ ఏ క్లస్టర్ మీద నడవాలి, ఏ డేటాబేస్ కనెక్షన్ పూల్‌ను వాడాలి, ఏ చిరునామాలో దొరకాలి అన్నవి ఆ తర్వాతి సంగతులు. ఏది ముందు లేవాలన్నది కూడా చూడాలి. వెబ్‌లాజిక్‌లోనూ గ్లాస్‌ఫిష్‌లోనూ డిప్లాయ్‌మెంట్ ఆర్డర్ మామూలుగా 100 ఉంటుంది. తక్కువ సంఖ్య ఉన్నది ముందు లేస్తుంది. ఒక అప్లికేషన్ మరోదాని మీద ఆధారపడి ఉంటే, ఈ సంఖ్యను పట్టించుకోని బృందం సర్వర్ లేచిన ప్రతిసారీ అంతుచిక్కని ఎర్రర్ల వెంట పరుగెడుతుంది.

అపోహ: డిజేబుల్ చేసినా, అన్‌డిప్లాయ్ చేసినా ఒకటే.

వాస్తవం: కాదు. డిజేబుల్ చేస్తే అప్లికేషన్ సర్వర్‌లోనే ఉంటుంది, వాడేవాళ్లకు అందదు, అంతే. అన్‌డిప్లాయ్ చేస్తే సర్వర్ నుంచే పోతుంది. వెబ్‌లాజిక్‌లో ఇంకో మెట్టు ఉంది: బయటివాళ్లకు మూసేసి, అడ్మిన్ రిక్వెస్ట్‌లకు మాత్రం జవాబిచ్చే స్థితిలో అప్లికేషన్‌ను ఉంచవచ్చు. కొత్త వెర్షన్‌ను జనం మీదికి వదిలేముందు పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఆపడంలోనూ రెండు రకాలున్నాయి. చేతిలో ఉన్న పనులు ముగిశాక ఆపమనవచ్చు, వెంటనే ఆపమనీ చెప్పవచ్చు. రెండోది నొక్కితే సగంలో ఉన్న లావాదేవీ సగంలోనే తెగిపోతుంది.

అపోహ: కొత్త వెర్షన్ ఎక్కించాలంటే సైట్ మూసేయక తప్పదు.

వాస్తవం: అన్నిసార్లూ అలా కాదు. వెబ్‌లాజిక్‌లో ఒకే అప్లికేషన్ పాత, కొత్త వెర్షన్లను పక్కపక్కనే నడపవచ్చు. కొత్తగా వచ్చేవాళ్లు కొత్తదానికి వెళ్తారు. అప్పటికే లోపలున్నవాళ్లు పాతదాంట్లోనే పని ముగించుకుంటారు, ఆ తర్వాత పాతది విరమిస్తుంది. ఒకేసారి రెండు వెర్షన్లకు మించి ఉంచలేం. గ్లాస్‌ఫిష్‌లోనూ పేరు పక్కన కోలన్ పెట్టి వెర్షన్లు దాచుకోవచ్చు, కానీ ఒక సమయంలో ఎనేబుల్ అయ్యేది ఒక్కటే. రెండింటికీ ‘వెర్షనింగ్’ అనే పేరున్నంత మాత్రాన ఒకే ఫలితం ఆశించకూడదు. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు ఈ తేడా తెలుసుకుని వెళ్లాలి.

అపోహ: అడ్మిన్ సర్వర్ పడిపోతే అప్లికేషన్లన్నీ ఆగిపోతాయి.

వాస్తవం: ఆగవు. వెబ్‌లాజిక్ డొమైన్‌లో అడ్మిన్ సర్వర్ ఉన్నది నియంత్రణకు; అప్లికేషన్లను మేనేజ్డ్ సర్వర్ల మీద నడుపుతారు. అడ్మిన్ సర్వర్ పడినా అవి తమ పని చేసుకుంటూనే ఉంటాయి. ఆ సమయంలో కొత్తగా డిప్లాయ్ చేయలేం, సెట్టింగ్‌లు మార్చలేం. కన్సోల్ తెరుచుకోవడం లేదని కంగారుపడి, చక్కగా నడుస్తున్న మేనేజ్డ్ సర్వర్లను ఆపితే నష్టం మనం తెచ్చుకున్నదే అవుతుంది.

అపోహ: ఏ సమస్య వచ్చినా రీస్టార్ట్ కొడితే పోతుంది.

వాస్తవం: అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయింది ఇదే. రీస్టార్ట్‌తో సమస్య పోయినట్టు కనిపించడం నిజమే. ఎందుకు కనిపిస్తుందో చూడండి. డేటాబేస్ కనెక్షన్ తీసుకున్న కోడ్ దాన్ని తిరిగి ఇవ్వడం మరిచిందనుకుందాం. వెబ్‌లాజిక్‌లో మనం మార్చకపోతే పూల్‌లో గరిష్ఠంగా 15 కనెక్షన్లు, గ్లాస్‌ఫిష్‌లో 32. ఒక్కొక్కటే జారిపోతూ చివరికి పూల్ ఖాళీ అవుతుంది, వచ్చినవాళ్లంతా క్యూలో నిలబడతారు. రీస్టార్ట్ చేస్తే పూల్ మళ్లీ నిండుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తప్పు కోడ్ అలాగే ఉంది కాబట్టి కొన్నాళ్లకు అదే కథ. పైగా రీస్టార్ట్‌తో మెమరీలోని ఆధారాలన్నీ చెరిగిపోతాయి.

అందుకే రీస్టార్ట్‌కు ముందు థ్రెడ్ డంప్, అంటే ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఎక్కడుందో చూపే నివేదిక, తీయాలి. ఒక్కటి చాలదు. కొన్ని సెకన్ల తేడాతో మూడు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, మూడింటిలోనూ ఒకే వరుసలో ఇరుక్కుపోయిన థ్రెడ్ దొరుకుతుంది. లినక్స్‌లో ‘కిల్ -3’ కమాండ్‌తో డంప్ వస్తుంది. పేరు చూసి భయపడేవాళ్లు ఎక్కువ. అది జావా ప్రాసెస్‌ను చంపదు, డంప్ రాసిపెట్టి ఊరుకుంటుంది. వెబ్‌లాజిక్ తనంతట తానే 600 సెకన్లు దాటి కదలని థ్రెడ్‌ను ‘స్టక్’ అని లాగ్‌లో రాస్తుంది. ఆ మాట లాగ్‌లో కనిపించాక కూడా డంప్ తీయకుండా రీస్టార్ట్ చేసే అడ్మిన్, డెవలపర్‌కు అందాల్సిన కీలక సాక్ష్యాన్ని తుడిచేస్తున్నట్టే. మేనేజర్ ఫోన్‌లో తొందరపెడుతున్నా సరే, డంప్‌లు తీయడానికి పట్టేది నిమిషం లోపే. ఆ నిమిషం అడిగి తీసుకోండి.

అపోహ: మెమరీ చాలకపోతే హీప్ పెంచితే చాలు.

వాస్తవం: ముందు ఎర్రర్‌లో ఏముందో చదవాలి. జావా 8 వచ్చిన 2014 నుంచి క్లాసుల వివరాలు హీప్‌లో కాక ‘మెటాస్పేస్’లో ఉంటున్నాయి. ఎర్రర్‌లో ఆ మాట ఉంటే హీప్ ఎంత పెంచినా లాభం లేదు. సర్వర్‌ను ఆపకుండా పదేపదే రీడిప్లాయ్ చేసేచోట పాత వెర్షన్ క్లాసులు వదలకుండా పేరుకుపోతే ఇలా జరుగుతుంది.

అపోహ: ఫైర్‌వాల్ లోపల ఉన్నాం, ప్యాచ్‌లకు తొందర లేదు.

వాస్తవం: 2020 అక్టోబరులో బయటపడ్డ సీవీఈ-2020-14882 లోపంతో, నెట్‌వర్క్‌లోకి చేరినవాళ్లెవరికైనా పాస్‌వర్డ్ లేకుండానే వెబ్‌లాజిక్ కన్సోల్ ద్వారా సర్వర్‌ను చేజిక్కించుకునే వీలుండేది. తీవ్రత 10కి 9.8. వెబ్‌లాజిక్ తయారీ సంస్థ ఒరాకిల్ ఏటా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో ప్యాచ్‌లు ఇస్తుంది. ఆ నాలుగు నెలలూ అడ్మిన్ క్యాలెండర్‌లో ఉండాల్సిందే. సర్వర్‌కు ప్యాచ్ వేయడంతోనూ పని అయిపోదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో వచ్చిన లోపం ఆ సంగతి గట్టిగా నేర్పింది. ఆ లైబ్రరీ ఎన్నో చోట్ల అప్లికేషన్ల వార్, ఇయర్ ఫైళ్ల లోపలే కూర్చుని ఉంది. సర్వర్ ఎంత కొత్తదైనా అప్లికేషన్‌ను మళ్లీ బిల్డ్ చేసి ఎక్కించాల్సి వచ్చింది. ఏ అప్లికేషన్‌లో ఏ లైబ్రరీ ఉందో ముందే జాబితా రాసుకున్న బృందాలకు ఆ వెతుకులాట చాలా తగ్గింది.

అపోహ: క్లౌడ్, స్ప్రింగ్ బూట్ వచ్చాక ఈ విద్యకు కాలం చెల్లింది.

వాస్తవం: కొత్త ప్రాజెక్టులు చాలావరకు అటు వెళ్తున్న మాట నిజం, దాన్ని దాచనక్కర్లేదు. కానీ స్ప్రింగ్ బూట్ అప్లికేషన్ లోపల కూడా మామూలుగా టామ్‌క్యాట్ సర్వరే నడుస్తుంది. థ్రెడ్లు, పూళ్లు, హీప్ ఎక్కడికీ పోలేదు. ఈ సర్వర్లకు ఆధారమైన జావా ఈఈ ప్రమాణం కూడా ఆగిపోలేదు. ఒరాకిల్ దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాక జకార్తా ఈఈగా కొనసాగుతోంది. 2020 డిసెంబరులో వచ్చిన 9వ వెర్షన్‌తో ‘జావాఎక్స్’ ప్యాకేజీ పేర్లు ‘జకార్తా’గా మారాయి. అందువల్ల పాత వార్ ఫైలును టామ్‌క్యాట్ 10 మీద నేరుగా వేస్తే నడవదు. పాత అప్లికేషన్లను కొత్త సర్వర్లకు తరలించే పని ఇంకా ఎంతో మిగిలి ఉంది, అది అడ్మిన్‌కూ డెవలపర్‌కూ కలిసి దొరికే పని.

వరంగల్ ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులకు ఒక విన్నపం. ల్యాబ్‌లో సర్వ్‌లెట్ రాయించి టామ్‌క్యాట్ దగ్గర ఆపేయకండి. వైల్డ్‌ఫ్లై, గ్లాస్‌ఫిష్ ఉచితంగా దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. కనెక్షన్‌ను తిరిగి ఇవ్వని ఒక చిన్న అప్లికేషన్ మీరే రాసి ఎక్కించండి, పూల్ ఖాళీ అయ్యేదాకా నడిపించండి, థ్రెడ్ డంప్ తీయించి థ్రెడ్లు ఏ వరుసలో ఇరుక్కున్నాయో చూపించి, అక్కడి నుంచి తప్పును విద్యార్థులతోనే పట్టించండి. దీనికి ఒక్క ల్యాబ్ పీరియడ్ కేటాయించండి చాలు.