చెవి కూడా అమానతే

గత శీతాకాలంలో ఒక ఉదయం. మా మద్రసాలో మూడవ సంవత్సరం విద్యార్థులకు నహ్వ్, అంటే అరబీ వ్యాకరణ పాఠం చెబుతున్నాను. చలికి పిల్లలందరూ శాలువాలు కప్పుకొని కూర్చున్నారు. రెండవ వరుసలో గోడ పక్కన ఉన్న పదహారేళ్ల అబ్బాయి పుస్తకం మీద చూపు నిలిపి, మధ్యమధ్య తల ఊపుతున్నాడు. ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని మనసులో సంతోషించాను. కాసేపటికి గమనించాను. నేను మాట్లాడటం ఆపినప్పుడు కూడా ఆ తల ఊగుతూనే ఉంది. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. పక్కవాడు మోచేతితో పొడిచాక ఉలిక్కిపడి లేచాడు. శాలువా జారింది. కుడి చెవిలో శనగగింజంత తెల్లని ఇయర్‌బడ్ కనిపించింది.

చేయి చాచాను. దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, కళ్లనీళ్లతో అన్నాడు: “హజ్రత్, పాటలు కావు. నషీద్ వింటున్నాను. అందులో వాయిద్యాలు కూడా లేవు.”

నాకు వెంటనే జవాబు తోచలేదు. అంతకు నెల రోజుల ముందు అదే తరగతిలో మరో విద్యార్థి సినిమా పాట వింటూ దొరికాడు. అప్పుడు ఏం చెప్పాలో నాకు తెలుసు. సంగీతం గురించి ఉలమాలు చెప్పింది వివరించి, మందలించి, వస్తువు తీసుకున్నాను. ఈ అబ్బాయి ఆ మందలింపును జాగ్రత్తగా విన్నాడు. తప్పంతా పాటలోనే ఉందనీ, పాట మారిస్తే తప్పు తొలగిపోతుందనీ అర్థం చేసుకున్నాడు. అలా అర్థమయ్యేటట్లు చెప్పింది నేనే. పాట గురించి చెప్పాను గాని చెవి గురించి చెప్పలేదు.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

సంగీతం విషయంలో అనుమతుల కోసం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నాలుగు మజ్‌హబ్‌ల ఉలమాలలో అత్యధికులు సంగీత వాయిద్యాలను అనుమతించలేదు. సూరె లుఖ్మాన్ 6వ ఆయతులో ప్రస్తావించబడిన కాలక్షేపపు మాటలంటే గానమేనని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) వివరించారు. మరోవైపు, పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించబోతే, దైవప్రవక్త (స) వారిని వదిలేయమన్న ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. ఈ వివరాలను ఉలమాల సన్నిధిలో కూర్చొని నేర్చుకోవాలి. కాని తరగతిలో దొంగచాటుగా వినడమనే తప్పు ఈ చర్చ దాకా రాకముందే మొదలవుతుంది. ఆ చెవిలో ఏముందన్నది రెండవ ప్రశ్న. ఆ సమయంలో ఆ చెవి ఎవరిదన్నది మొదటి ప్రశ్న.

జుమా ఖుత్బా మర్యాదను గుర్తు చేసుకోండి. ఇమామ్ ఖుత్బా ఇస్తుండగా మాట్లాడుతున్న పక్కవానితో “మౌనంగా ఉండు” అన్నా సరే, అలా అన్నవాడు కూడా వ్యర్థపు పని చేసినట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసును బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేశారు. నేల మీది గులకరాళ్లను తడుముతూ కూర్చోవడాన్ని కూడా ఆయన (స) వ్యర్థపు పనిగానే పేర్కొన్నారు. చెడును వారించడం మంచి పని. గులకరాయిని తాకడం పాపం కాదు. అయినా ఆ సమయం వినడానికి కేటాయించబడింది కనుక అవి అక్కడ తప్పయ్యాయి. మంచి మాటకే అక్కడ చోటు లేనప్పుడు, పాఠం జరుగుతుండగా నషీద్‌కు చోటెక్కడిది? ఆ అబ్బాయికి ఆ ఉదయమే నేను చెప్పవలసిన జవాబు ఇది. మరునాడు చెప్పాను.

ఇందులో మోసం కూడా ఉంది. చూపు పుస్తకం మీద, తల ఉస్తాద్ వైపు, చెవి మాత్రం మరోచోట. ముఖం ఒకటి చెబుతుంది, మనసు ఇంకొకటి చేస్తుంది. మద్రసాలో అతని భోజనం ఉమ్మత్ ఇచ్చిన జకాత్, సదఖాల నుండి వస్తుంది. కళాశాలలో చదివే బిడ్డకైతే తండ్రి చెమటోడ్చి ఫీజు కడతాడు. ఆ గంట అతనికి అప్పగించబడిన అమానత్. చెవి, కన్ను, హృదయం, వీటన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని సూరె బనీ ఇస్రాయీల్ 36వ ఆయతు తెలియజేస్తుంది. అందులో మొట్టమొదట పేర్కొనబడినది చెవియే.

వినికిడి మీద నిలిచిన విద్య

మన ధర్మ విద్య అంతా వినికిడి మీద నిలిచి ఉంది. ఖుర్ఆన్ పారాయణం జరుగుతున్నప్పుడు సూరె ఆరాఫ్ 204వ ఆయతు మనకు రెండు ఆదేశాలు ఇస్తుంది. ఒకటి, చెవి యొగ్గి వినడం. రెండు, మౌనం వహించడం. దైవప్రవక్త (స) సన్నిధిలో సహాబాలు తలల మీద పక్షులు వాలినట్లు, కదిలితే ఎగిరిపోతాయేమో అన్నంత నిశ్చలంగా కూర్చునేవారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఈనాటికీ హాఫిజ్ అయ్యే బిడ్డ ఉస్తాద్ నోట విని, తిరిగి ఉస్తాద్‌కు వినిపించి నేర్చుకుంటాడు.

హదీసువేత్తలు ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉండేవారో చూడండి. పాఠ సభలో కూర్చొని వేరేది రాసుకుంటున్నవాడు, కబుర్లాడుతున్నవాడు, కునికిపాట్లు పడుతున్నవాడు ఆ హదీసును “విన్నాను” అని చెప్పుకోవచ్చునా అని వారు చర్చించారు. ఇబ్నుస్సలాహ్ తన గ్రంథంలో ఈ సమస్యను విడిగా ప్రస్తావించారు. సభలో శరీరం ఉంటే సరిపోతుందని వారు భావించలేదు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ఉదాహరణ తీసుకురావచ్చు. ఇమామ్ దారఖుత్నీ యువకుడిగా ఉన్నప్పుడు ఒక గురువు హదీసులు చెప్పి రాయిస్తున్న సభలో కూర్చొని, తన దగ్గరున్న మరో ప్రతిని రాసుకుంటున్నారట. “ఇలా రాస్తూ కూర్చుంటే మీరు విన్నది చెల్లదు” అని ఒకరు ఆక్షేపించారు. అప్పుడు ఆయన, గురువు ఇప్పటివరకు 18 హదీసులు చెప్పారని తెలిపి, వాటిని ఉల్లేఖకుల పరంపరతో సహా వరుసగా అప్పజెప్పారు. సభ ఆశ్చర్యపోయింది. “హజ్రత్, నేను కూడా రెండూ వినగలను” అనే పిల్లలకు నేను ఈ సంఘటన చెప్పి, “అయితే గడిచిన పావుగంటలో నేను చెప్పినది అప్పజెప్పు” అంటాను. ఇంతవరకు ఒక్కరూ అప్పజెప్పలేదు. శతాబ్దానికి ఒకరికి లభించే జ్ఞాపకశక్తిని మన బద్ధకానికి సాక్ష్యంగా నిలబెట్టలేము.

వైద్యశాస్త్రం చెప్పేది

మనిషి ఒకే సమయంలో రెండు వైపుల నుండి వచ్చే మాటలను సమానంగా అర్థం చేసుకోలేడు. మనసు ఒకదాని నుండి మరొకదానికి గెంతుతూ ఉంటుంది. గెంతిన ప్రతిసారీ కొంత జారిపోతుంది. పదాలున్న పాటైనా, నషీద్ అయినా, ప్రసంగమైనా పాఠంలోని పదాలతో పోటీపడుతుంది. వ్యాకరణం, గణితం వంటి మెట్టుమెట్టుగా ఎక్కవలసిన పాఠాలలో ఒక మెట్టు తప్పితే పై మెట్టు అందదు.

చెవికి జరిగే నష్టం వేరే ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సున్నితమైన కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. అవి ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదనీ, అదే 90 డెసిబెల్స్ అయితే 4 గంటలు మాత్రమే సురక్షితమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ. ఇయర్‌ఫోన్ తీసిన తరువాత కూడా చెవిలో గుయ్‌మని మోత వినిపిస్తుంటే, చెవి మొరపెట్టుకుంటోందని గ్రహించాలి.

అజాన్‌ను వెక్కిరించిన యువకుడు

ఆ రోజు ఇషా నమాజు తరువాత నా మనసులో హజ్రత్ అబూ మహ్‌జూరా (రజి) వృత్తాంతం మెదిలింది. దైవప్రవక్త (స) హునైన్ నుండి తిరిగి వస్తుండగా దారిలో ముఅజ్జిన్ అజాన్ ఇచ్చారు. అటుగా వెళుతున్న కొందరు మక్కా కుర్రాళ్లు ఆ అజాన్‌ను వెక్కిరిస్తూ కేకలు వేశారు. దైవప్రవక్త (స) వారిని పిలిపించి, బిగ్గరగా వినిపించిన గొంతు ఎవరిదని అడిగారు. అందరూ అబూ మహ్‌జూరా వైపు వేలు చూపారు. మిగిలినవారిని పంపివేసి, ఆయన ఒక్కరినే నిలిపారు. శిక్షిస్తారని ఆ యువకుడు భయపడి ఉంటాడు. దైవప్రవక్త (స) ఆయనకు అజాన్‌లోని ఒక్కొక్క పలుకునూ స్వయంగా నేర్పారు. వెండి ఉన్న ఒక సంచి ఇచ్చారు. తల మీద, రొమ్ము మీద చేయి నిమిరి శుభం కోసం ప్రార్థించారు. హృదయంలోని ద్వేషమంతా ప్రేమగా మారిపోయిందని ఆ యువకుడే తరువాత చెప్పుకున్నారు. ఆయన మక్కాకు ముఅజ్జిన్ అయ్యారు.

వెక్కిరించిన గొంతును దైవప్రవక్త (స) నొక్కివేయలేదు. దానికి ఒక గొప్ప పని అప్పగించారు. మరి నేను నా తరగతిలో ఒక చెవిలోని వస్తువును లాక్కొని, ఆ చెవికి ఏమి ఇచ్చాను?

మరునాడు అసర్ తరువాత ఆ అబ్బాయిని ఒంటరిగా పిలిచాను. ఖుత్బా హదీసు చెప్పాను. విని తల దించుకున్నాడు. “బేటా, తప్పు సంగతి అయిపోయింది. అసలు నీకు పాఠంలో ఏమి కష్టంగా ఉంది?” అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు: “ఇఅరాబ్ పాఠం దగ్గరే ఆగిపోయాను హజ్రత్. అప్పటి నుండి మీరు చెప్పేది నాకు మాటల్లా కాదు, వట్టి శబ్దంలా వినిపిస్తోంది. అడిగితే అందరూ నవ్వుతారని అడగలేదు.”

ఇఅరాబ్ పాఠం జరిగి అప్పటికే రెండు నెలలైంది. రెండు నెలలుగా నా యెదుట కూర్చున్న బిడ్డకు నా మాట చేరలేదు. చేరడం లేదని నేను గమనించనూ లేదు. ఇయర్‌బడ్ రాకముందే ఆ చెవి మూసుకుపోయింది. ఇది అతని తప్పును చెరిపివేయదు. కాని నా తప్పును చూపించింది.

ఇంట్లో మనం

ఈ వస్తువును పిల్లలకు ఎవరు కొనిచ్చారు? 2020లో లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడినప్పుడు పాఠం కోసం మనమే కొనిచ్చాము. అప్పుడు పాఠాన్ని చెవికి చేర్చిన తీగే ఇప్పుడు పాఠాన్ని చెవికి దూరం చేస్తోంది. దాన్ని ఎప్పుడు పెట్టుకోవాలో చెప్పాము. ఎప్పుడు తీయాలో చెప్పలేదు, చేసి చూపలేదు. దస్తర్‌ఖాన్ దగ్గర అబ్బా చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది. బిడ్డ ఏదో చెప్పబోతే అమ్మీ ఫోన్ మీది చూపు తిప్పకుండా “ఊఁ” అంటుంది. మస్జిదులో ఖుత్బా జరుగుతుండగా పెద్దల వేళ్లు ఫోన్ మీద కదులుతుంటాయి. మన మాటను పిల్లలు పెడచెవిన పెడతారు గాని మన నడవడిని శ్రద్ధగా చదువుతారు.

కాబట్టి కొన్ని పనులు మన నుండే మొదలుపెడదాం. బిడ్డ మాట్లాడటానికి వచ్చినప్పుడు రెండు చెవులూ ఖాళీ చేసి, ముఖం అటు తిప్పి విందాం. మగ్రిబ్ నుండి ఇషా వరకు ఇంట్లో అందరి ఫోన్లు, పెద్దలవి కూడా, ఒకేచోట ఉంచుదాం. జుమా నుండి తిరిగి వస్తూ “ఖుత్బాలో ఏం విన్నావు?” అని అడిగి, మనం విన్నది కూడా చెబుదాం. సంచులు దొంగచాటుగా వెతకడం కన్నా ఎదుట కూర్చోబెట్టి అడగడం మేలు. రహస్యంగా కూపీలు లాగడాన్ని సూరె హుజురాత్ 12వ ఆయతు వారించింది. తల్లిదండ్రుల పర్యవేక్షణ బహిరంగంగా, ముందే చెప్పి జరగాలి. చాటుగా వెతికే ఇంట్లో పిల్లలు చాటుగా దాచడమే నేర్చుకుంటారు.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పాఠం మధ్యలో ఆగి ప్రశ్నిద్దాం. వెనుకబడిన పిల్లలకు సిగ్గుపడకుండా అడిగే సమయం ఒకటి విడిగా ఉంచుదాం. ఇప్పుడు మా మద్రసాలో అసర్ తరువాత అరగంట అందుకే కేటాయించాము. మొదటి రోజు ఒక్కడే వచ్చాడు. ఇప్పుడు ఏడుగురు వస్తున్నారు. అంటే నా తరగతిలో కనీసం ఏడు చెవులకు నా పాఠం వట్టి శబ్దంగానే మిగిలిందన్నమాట.

ఆ ఇయర్‌బడ్‌ను గురువారం అబ్బాయి ఇంటికి బయలుదేరేటప్పుడు అతని చేతికే ఇచ్చాను. “మీ అబ్బాకు ఏం జరిగిందో నువ్వే చెప్పి, దీన్ని ఆయనకు ఇవ్వు” అన్నాను. శనివారం తండ్రి ఫోన్ చేశారు. కొడుకు ఏదీ దాచకుండా చెప్పాడట. ఆ అబ్బాయి ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుంటున్నాడు. కొన్ని రోజులు చూపు కిటికీ వైపు పోతూనే ఉంటుంది. అప్పుడు నేను పాఠం ఆపి అతన్ని ఒక ప్రశ్న అడుగుతాను. తెలియకపోతే “తెలియదు హజ్రత్, మళ్లీ చెప్పండి” అంటున్నాడు. మునుపటి తల ఊపు కంటే ఈ మాట నాకు ఎంతో ప్రియమైనది.

తల్లి గర్భం నుండి ఏమీ ఎరుగని స్థితిలో మనలను బయటికి తెచ్చి, చెవులను, కళ్లను, హృదయాలను ప్రసాదించిన అల్లాహ్, వాటి హక్కును నెరవేర్చే భాగ్యాన్ని మనకూ మన సంతానానికీ అనుగ్రహించుగాక! వినవలసిన సమయంలో వినే చెవినీ, విన్నదాన్ని ఆచరించే హృదయాన్నీ ఇచ్చుగాక! ఆమీన్.