పెళ్ళి వీడియోతో మొదలైంది... ఆషాఢం నిలబెట్టింది

‘వీడియో వాళ్ళొచ్చారు’ అని ఎవరో కేకేయగానే పెళ్ళికూతురి గదిలో ఆడవాళ్ళంతా గబగబా పమిటలు సర్దుకోవడం మీరూ చూసే ఉంటారు. 1996లో మా తెనాలిలో నేను మొదటిసారి కెమెరా భుజాన పెట్టుకుని అలాంటి గదిలోకి వెళితే మాత్రం ఎవరూ ఏమీ సర్దుకోలేదు. ‘నువ్వా అమ్మాయ్, రా రా. ఆ జడకుప్పెలు కాస్త అందుకో’ అన్నారు. కెమెరా పక్కన పెట్టి జడకుప్పెలు అందించి, మళ్ళీ కెమెరా ఎత్తుకున్నాను. ‘నీ వ్యాపారానికి పెట్టుబడి ఏమిటి?’ అని ఎవరడిగినా నాకు ముందు ఆ గదే గుర్తొస్తుంది.

అసలు పెట్టుబడి సంగతీ చెప్పాలిగా! మావారికి చిన్న ఫొటో స్టూడియో ఉండేది. నేను కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసేదాన్ని. అందరూ ‘వీడియో కూడా ఉందా?’ అని అడగడం మొదలుపెట్టారు. ఆయనకేమో నడుంనొప్పి. ఆ రోజుల్లో వీహెచ్‌ఎస్ కెమెరా అంటే భుజం మీద పసిపిల్లాణ్ణి మోసినట్టే. ‘నేను పడతాను’ అన్నాను. మా అత్తగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ‘అర్ధరాత్రి ముహూర్తాలకు పరాయి పెళ్ళిళ్ళలో నీకేం పనే?’ అన్నారు. గాజులు, చంద్రహారం బ్యాంకులో కుదువపెట్టి, తక్కువైంది అక్కయ్య దగ్గర బదులు తీసుకుని, 42 వేలకు పాత కెమెరా కొన్నాం.

మొదటి ఏడాది పెళ్ళికి 2,500 రూపాయలు తీసుకునేదాన్ని. బేరాలు బాగానే వస్తున్నాయి, చేతిలో మాత్రం పైసా నిలవడం లేదు. ఓ రాత్రి పాలవాడి లెక్క రాసే నోటుబుక్కులోనే ఒక పెళ్ళి లెక్క రాశాను. క్యాసెట్లు, వాళ్ళకిచ్చే కాపీలు 450. విజయవాడ వెళ్ళి మిక్సింగ్ చేయించడానికి 1,000. లైటు పట్టే కుర్రాడికి 200. రైలు, ఆటోలు 150. ఇక మిగిలింది 700. అందులోనే కెమెరా రిపేర్లు, బంగారం మీద వడ్డీ. పెళ్ళిరోజు, ఆ రాత్రి, మిక్సింగ్ దగ్గర కూర్చున్న రెండు రోజులు... నా కూలి ఏ కాలమ్‌లోనూ లేదు! ఇంట్లో వంటకు కూలి రాసుకోం కదా, ఇక్కడా అదే అలవాటు. మర్నాటి నుంచి నా పేరున ఒక గీత గీసి, రేటు 3,500 చేశాను. ఇద్దరు ముగ్గురు గొణిగారు. ‘మనింటి పిల్లవే కదా, తగ్గించుకో’ అన్నవాళ్ళూ ఉన్నారు. మనింటి పిల్ల కాబట్టే గదిలోకి రానిచ్చారు, మరి అదే మాట మీద రేటు తగ్గించమంటే ఎలా?

పలుకు విరవని క్యాసెట్

ఇప్పటికీ చెప్పడానికి ఇబ్బందిగా ఉండే సంగతి ఒకటుంది. వీహెచ్‌ఎస్ క్యాసెట్ వెనకవైపు చిన్న ప్లాస్టిక్ పలుకు ఉండేది, గుర్తుందా? దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద మళ్ళీ రికార్డు కాదు. 1997 వేసవిలో వరసగా మూడు పెళ్ళిళ్ళు వచ్చాయి. మొదటి పెళ్ళి రెండో క్యాసెట్‌కి పలుకు విరవడం మర్చిపోయాను. మర్నాడు హడావిడిలో లైటు కుర్రాడు దాన్నే కొత్తదనుకుని కెమెరాలో పెట్టాడు. అప్పగింతలన్నీ పోయాయి. తండ్రి కూతురి చేతులు అత్తగారి చేతుల్లో పెట్టి వెక్కివెక్కి ఏడ్చిన చోట, వేరెవరి పెళ్ళిలోనో ఐస్‌క్రీమ్ తింటున్న పిల్లలు కనిపించారు.

‘మిషన్ టేపు నమిలేసిందని చెబుదాం మేడమ్’ అన్నాడు కుర్రాడు. నిజం చెప్పొద్దూ, ఒక రోజంతా ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. రెండో రోజు వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి, తీసుకున్న డబ్బంతా బల్ల మీద పెట్టాను. పెళ్ళికూతురి తల్లి ఏడ్చేసింది. ఆయన మాత్రం ‘మొదటి క్యాసెట్ ఉందిగా అమ్మా, పోనీలే’ అన్నారు. ఆరేళ్ళ తర్వాత ఆయన పోయారు. పెద్దకర్మ అయిన నాలుగు రోజులకు ఆ అమ్మాయి మా స్టూడియోకి వచ్చింది. ‘ఎక్కడైనా, ఏ మూలనైనా నాన్నది ఒక్క ముక్క ఉందేమో చూడండి ఆంటీ’ అంది. ఉన్న పాత క్యాసెట్లన్నీ రెండు రాత్రులు వేసి చూశాను. దొరకలేదు. ఆ మాట ఆ అమ్మాయితో ఫోన్లో చెప్పలేక ఇంటికే వెళ్ళి చెప్పాను.

ఇప్పుడు మా దగ్గర ఎవరు పనికి చేరినా మొదట నేర్పేది కెమెరా కాదు. కార్డులోంచి రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేయాలి. కాపీ తెరిచి, మొదలూ మధ్యా చివరా ఆడించి చూడాలి. ఒక డిస్కు ఆఫీసులో, ఒకటి మా ఇంట్లో ఉండాలి. అప్పటిదాకా కార్డు చెరపకూడదు. పిల్లలు ‘మేడమ్ చాదస్తం’ అనుకుంటారు, అనుకోనీండి.

ముహూర్తాలు లేని నెలలు

1999లో రెండో కెమెరా కొన్నాం. ఇద్దరు అమ్మాయిలు పనిలో చేరారు. తెల్లవారుజామున 3 గంటల ముహూర్తానికి ఆడపిల్లల్ని పంపడం ఎలా? వాళ్ళ అమ్మలు వచ్చి నన్ను నిలదీశారు, నిలదీయాలి కూడా. అందుకే బుకింగ్ కాగితంలో రాశాను. ఇద్దరు కలిసే వస్తారు. దింపడానికి బండి మీదే. బండి లేకపోతే తెల్లారేదాకా ఉండటానికి ఆడవాళ్ళ గదిలో చోటివ్వాలి. అదే కాగితంలో డబ్బు సంగతి కూడా. సగం బుకింగ్ నాడు, పాతిక శాతం పెళ్ళినాడు, మిగతాది క్యాసెట్ చేతికిచ్చేటప్పుడు. అంతకుముందు ‘ఇస్తాంలే’ అన్న డబ్బు కోసం ఎన్ని ఇళ్ళ గుమ్మాల్లో కాఫీలు తాగానో!

అయినా అసలు బాధ తీరలేదు. ఆషాఢంలో ముహూర్తాల్లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మధ్యలో మూఢం వస్తే సరేసరి. పెళ్ళిళ్ళు లేకపోయినా అమ్మాయిలకు జీతాలివ్వాలి. ఓ ఆషాఢంలో చీరెల షాపుకి వెళితే, ఇసుకేస్తే రాలనంత జనం. మాకు పని లేని నెలే వాళ్ళకు పండగన్నమాట! షాపాయన్ని పట్టుకుని, కేబుల్ చానల్లో వేసుకోడానికి అర నిమిషం ప్రకటన తీసిస్తానన్నాను. మోడల్ని పెట్టే స్తోమత ఆయనకూ లేదు, మాకూ లేదు. మా అమ్మాయిల్లో ఒకతే చీరె కట్టుకుని నిలబడింది. పట్టు మెరుపు కెమెరాకి ఎలా పడుతుందో పెళ్ళిళ్ళలో చూసి చూసి ఉన్నాం కాబట్టి ఆ షాట్లు బాగా కుదిరాయి. మర్నాటి ఆషాఢానికి మూడు షాపులు అడిగాయి. ఆ తర్వాత ఒక స్కూలు, ఒక రైస్‌మిల్లు, ఒక కంటి డాక్టరుగారు. మా ‘వీడియో స్టూడియో’ బోర్డు మీద ‘ఏజెన్సీ’ అన్న మాట రాయించింది అప్పుడే.

2004లో కంప్యూటర్ కొన్నాక విజయవాడ ప్రయాణాలు తప్పాయి. క్యాసెట్ పోయి డీవీడీ, డీవీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చాయి. వాటి గురించి చెప్పడానికేముంది, కొత్తది వచ్చినప్పుడల్లా అప్పు చేయడమే! ఒక్కటి మాత్రం ఆలస్యంగా తెలుసుకున్నాను. ఏడాదిలో పది రోజులు వాడే పరికరం కొనకూడదు, అద్దెకు తెచ్చుకోవాలి. క్రేను కొని చేయి కాల్చుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేసరికి వేసవి పెళ్ళిళ్ళు పదకొండు బుక్కయి ఉన్నాయి. అందరూ అడ్వాన్సులు వెనక్కి అడిగారు. అడ్వాన్సు డబ్బు వేరే ఖాతాలో ఉంచి, పని మొదలయ్యాకే తీయడం నాకు అలవాటు. అందుకే పది రోజుల్లో అందరివీ ఇచ్చేశాను. తర్వాత యాభై మందితోనే పెళ్ళిళ్ళు జరిగినప్పుడు, అమెరికాలో ఉన్నవాళ్ళు చూడ్డానికి లైవ్ పెట్టమని ముందు మాకే ఫోన్ చేశారు. అప్పుడొక కొత్త తలనొప్పి. వెనకాల సినిమా పాట మోగితే హక్కులున్నవాళ్ళు యూట్యూబ్‌లో అభ్యంతరం పెట్టొచ్చు. ఒకసారి సరిగ్గా తలంబ్రాల దగ్గర శబ్దం పోయింది. లైవ్‌లో సన్నాయి మేళం తప్ప వేరే పాట వద్దని అప్పటినుంచి ముందే చెప్పేస్తున్నాం.

ఇప్పుడు ఏడుగురం ఉన్నాం, అందులో ఐదుగురు ఆడవాళ్ళే. ఆదాయంలో సగానికి పైగా షాపులవాళ్ళకు నెలనెలా తీసిచ్చే చిన్న వీడియోల మీదే వస్తోంది. ‘మేమూ మొదలుపెడతాం, ఎంత కావాలి?’ అని అడిగే అమ్మాయిలకు నేను చెప్పేదొకటే. మొదటి ఐదు పనులూ అద్దె కెమెరాతో చేసి, ప్రతిదానికీ లెక్క రాయండి. మీ కూలి పోను మిగిలితే అప్పుడు కొనుక్కోండి. నాలా గాజులు కుదువపెట్టక్కర్లేదు, తనఖా లేకుండా ముద్ర రుణం అడగొచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పదు. ఆ లెక్కకి మాత్రం ఒక ఆడిటర్‌ని పెట్టుకోండి.

మా అత్తగారికి ఇప్పుడు తొంభై దగ్గర పడింది. పెళ్ళి వీడియో ఏదైనా ఎడిటింగ్ అవుతుంటే కుర్చీ వేయించుకుని వెనకాలే కూర్చుంటారు. మొన్న ‘అప్పగింతలు అంత చిన్నగా కత్తిరించావేం, ఇంకాస్త ఉంచు’ అన్నారు. ఇంకో రెండు నిమిషాలు పెంచాం.