పాల మిగులు - రెండు తెరగులు

కృష్ణా డెల్టాలో వరికోతలైన పొలములలో జనుము, పిల్లిపెసర పచ్చగా నిలిచిన శీతకాలమున గేదెలకు పాడి హెచ్చు. ఎండలు ముదిరిన కొలది అది సన్నగిల్లును. ఆ శీతకాలపు మిగులును పొడిగా, వెన్నగా మార్చి వేసవికి నిలువచేయుటకే 1969లో, యూనిసెఫ్ సహాయముతో, విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారము వెలసినది.

ఐరోపా ఆర్థిక సమాజ దేశముల మిగులు ఋతువు తెచ్చినది కాదు. బజారున ధర పడినను ప్రభుత్వములే వెన్నను, పొడిని నిర్ణీత ధరకు కొనుచుండుటచే, అక్కరకు మించి పాలు పిదుకుటయే రైతునకు లాభమైనది. గిడ్డంగులు నిండినవి. తుదకు 1984లో ఉత్పత్తికి కోటాలు విధింపవలసి వచ్చినది.

ఆ రాశులలో కొంత 1970లో ఆరంభమైన ఆపరేషన్ ఫ్లడ్ పథకము క్రింద మన దేశమునకు దానముగా వచ్చినది. దానము గదా యని చౌకగా పంచియున్నచో? పట్టణమున పాలధర కూలి, గుడివాడ ప్రాంతపు పల్లెలో రెండు గేదెలు మేపుకొను ఇల్లాలికి తవుడు ఖర్చైనను గిట్టదు. అందుచే ఆ పొడితో పాలు తయారుచేసి, స్థానిక పాలధరను దెబ్బతీయని రీతిగా అమ్మి, వచ్చిన సొమ్మును పాడిపరిశ్రమకే వినియోగింప దలచిరి. పరాయి పొడికి అలవాటు పడుదుమని శంకించినవారును కలరు. ఆ శంక వట్టిదని అనజాలను. పొడి చౌకగా చేతికందుచుండగా, శీతకాలమున పొంగివచ్చు పల్లెపాలను కొనుటకు ఏ డెయిరీ ముందుకు వచ్చును?